పెంకుటిల్లూ తొమ్మిదో అంతస్తూ

జొంజు,
నవంబరు 28

చునేకి వదిన ఆశీస్సులు.

మీ ఆయన, కెప్టెన్ గారి మోకాలు ఎలా ఉంది? ఓడ దిగినా ఆయన నడకలో ఓడ ఇంకా ఊగుతూనే ఉందా?

ఈ ఏటి కిమ్చీ పెట్టడం నిన్నటితో అయింది. నా నడుము ఇంకా నా మాట వినడంలేదు. నీ జాడీ బస్సులో పంపిస్తున్నాను. పోయినేడులా "ఉప్పు తక్కువైంది వదినా" అని రాశావో, వచ్చే ఏడు వట్టి ఉప్పే పంపిస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. పైగా ఫోను నడవలో ఉంటుంది, నా దగ్గర గదులు తీసుకుని భోంచేసే కాలేజీ పిల్లల చెవులన్నీ అక్కడే ఉంటాయి.

అసలు సంగతికొస్తాను. మన పేటలో పాత పెంకుటిళ్ళని ఎవరూ కదపకూడదని ఎప్పుడో పెట్టిన రూలు ఉంది కదా, దాన్ని ఎత్తెయ్యాలా ఉంచాలా అని ఫిబ్రవరిలో సభ పెడుతున్నారు. ఇంటివాళ్ళు సంతకం బదులు తమ పేరు చెక్కిన ముద్ర వేసి తమ మాట చెప్పాలి. ఎత్తేస్తే ఎవరిల్లు వాళ్ళు పడగొట్టి మేడ కట్టుకోవచ్చు.

సందంతా రెండు ముక్కలైంది. టోఫు కొట్టావిడ ఇళ్ళు ఉండాలంటుంది, ఆవిడ కోడలు పోవాలంటుంది. ఒకే వంటింట్లో ఇద్దరూ రెండు పొయ్యిలు వెలిగిస్తున్నారు. పడగొట్టాలనే వాళ్ళకి పెద్ద మన పక్కింటి బాంగ్ గారు. రైలు నడిపి రిటైరయ్యాడే, భార్య పోయినాయన, ఆయనే. ఇంజను హోరు మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. ఆయన తన ఇంట్లో రహస్యం చెప్పినా మా ఇంట్లో పిల్లలు పుస్తకం మూసేసి వింటారు.

నేను ఆయన వైపే చునే. దాచడమెందుకు? మీ అన్నయ్య పోయాక ఇల్లు మనిద్దరి పేరా ఉంది కాబట్టి నీ ముద్ర కూడా కావాలి. పంపించు.

కిమ్చీ జాడీ మాత్రం తిరిగి పంపడం మర్చిపోకు. అది మా అమ్మది.

వదిన
ఓక్సిమ్


బుసాన్,
డిసెంబరు 6

వదినా,

జాడీ చేరింది. ఉప్పు సరిపోయింది. కారం గురించి నేనేమీ అనను.

ఎంత మాట రాశావు! కాగితం మీద పెట్టడానికి చెయ్యెలా వచ్చింది? ఆ దూలం కోసం నాన్న కొండ మీది ఊరికి ఎద్దుబండి కట్టుకుని వెళ్ళి వారం తర్వాత తిరిగొచ్చాడు. వసారా చెక్కల మీద నేను ఎండాకాలమంతా బుగ్గ ఆనించి పడుకునేదాన్ని. ఆ చెక్కలకి అంత నునుపు వచ్చిందంటే సగం నా బుగ్గ వల్లే. అన్నయ్య నిన్ను పెళ్ళి చేసుకొచ్చిన రోజు నువ్వు సిగ్గుతో తల దించుకుని ఆ వసారా మీదే గదా కూచున్నావు! సిగ్గు అప్పుడున్నట్టు ఇప్పుడు కూడా ఉంటే బాగుండేది.

వానొస్తే ఆ చూరు నుంచి నీళ్ళు వరసగా దారాలు కట్టినట్టు జారేవి. ఇక్కడ తొమ్మిదో అంతస్తులో వానొచ్చిన సంగతి టీవీ చెబితే గాని తెలీదు. నువ్వేమో అక్కడ బంగారం పెట్టుకుని ఇటుకలు అడుగుతున్నావు.

ఇంతకీ ఈ బాంగ్ గారెవరు? చిన్నప్పుడు పక్కింట్లో చేపలమ్మే వాళ్ళుండేవాళ్ళు. ఒక్క ఉత్తరంలో ఆయన నడక తప్ప అన్నీ రాశావు. ఊళ్ళో వాళ్ళ మాటలకి తల ఊపేదానివి కాదే నువ్వు!

ముద్ర పంపను. కోపం కూడా వచ్చింది. అయినా జాడీ పంపిస్తున్నాను, ఖాళీ పంపడం ఇష్టంలేక ఎండుచేపలు పెట్టాను.

నీ ఆడపడుచు
చునే


జొంజు,
డిసెంబరు 17

ఆడపడుచు గారికి,

ఎండుచేపలు బాగున్నాయి. నీ మాటలకంటే ఉప్పు తక్కువే.

చూరు నీళ్ళు దారాలు కట్టినట్టు జారతాయా? అవును, వసారా మీద కూచుని చూసేవాళ్ళకి. నాకవి గిన్నెల్లో పడే చుక్కలు. ముందుగదిలో ఒక గిన్నె, పిల్లల గదిలో ఒక బకెట్టు, నా పరుపు పక్కన అన్నం కుండ. పెంకు పగిలితే అదే రంగు, అదే వంపు ఉన్న పెంకే పెట్టాలట. ఆ పెంకు చేసేవాళ్ళు లేరు. మరో రకం పెడితే నోటీసు. నేను గొడుగు వేసుకుని పడుకుంటే నీ బంగారం భద్రంగా ఉంటుంది, అంతేనా?

మరుగుదొడ్డి పెరడుకి ఆ చివర. మొన్న మంచులో అటు వెళ్తూ డాక్టరు చదివే పొడుగాటి పిల్లాడు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు వాడికి అన్నం నేను తినిపించాలా, తోటి పిల్లలు తినిపించాలా అని రోజూ పంచాయితీ. గది వెచ్చబడాలని నేలకింద పొయ్యిలో పెట్టే బొగ్గుదిమ్మ ఆరిపోతే తెల్లారేసరికి నా మోకాళ్ళు రెండూ చెక్కముక్కలు. ఇవేవీ నీ బుగ్గకి తెలీవు చునే. నీ బుగ్గ ఇక్కడ ఎండాకాలాలు మాత్రమే గుర్తుపెట్టుకుంది.

ఒక పని చెయ్యి. జనవరి అంతా నువ్వూ కెప్టెన్ గారూ ఇక్కడికొచ్చి ఉండండి. పిల్లలకి వండిపెట్టు, దిమ్మలు మార్చు. నేను మీ తొమ్మిదో అంతస్తులో ఉంటాను. ఆ తర్వాత కూడా ఇల్లు ఉండాలంటే నేను నోరెత్తను.

బాంగ్ గారి గురించి అడిగావు. మంచివాడు. మొన్నే ఇద్దరం కూచుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎందుకొచ్చిన బాధ, మధ్యలో ఈ గోడ తీసేద్దాం అనుకున్నాం. ఖర్చు సగం ఆయన పెట్టుకుంటానన్నాడు. ఎండ ముదిరాక మంచిరోజు చూసుకుని చేసేస్తాం.

నీ జవాబు కోసం ఎదురుచూసే
వదిన


బుసాన్,
డిసెంబరు 27

వదినా,

ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. కెప్టెన్ గారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు. ఆయనకి చదివి వినిపిస్తే, "మంచిదేగా" అని మళ్ళీ పేపరు చూసుకున్నారు. మగవాళ్ళకి ఏదీ వింతగా ఉండదు.

మొదట జనవరి సంగతి. వస్తున్నాం. నేను ఆ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు చలి నేర్పుతావా? అయిదో తేదీ బస్సుకి వస్తాం. తాళాలు కాపలాదారు దగ్గర పెడతాను. వేడినీళ్ళ మీట ఎర్రది, తప్పు తిప్పావంటే కింది అంతస్తు వాళ్ళు పైకొస్తారు.

ఇక రెండోది. ఇలాంటివి ఫోన్లో అడిగేవి కావని రాస్తున్నాను. నువ్వు అంత నెమ్మదిగా చెప్పావు గనక నేనూ నెమ్మదిగానే అడుగుతాను. అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఈ వయసులో నువ్వు కొత్త జీవితం కావాలనుకుంటే తప్పుపట్టేదాన్ని కాను. మనసు గట్టి చేసుకున్నావా? సందులో వాళ్ళకి తెలుసా? నాకు నిజం రాయి. నేను పరాయిదాన్ని కాదు.

నాకు కొంచెం ఏడుపొచ్చింది. కొంచెమే.

చునే


బుసాన్, నీ ఇంట్లోంచే,
జనవరి 13

చునేకి,

నేను ఇప్పుడే స్నానం చేసి కూచున్నాను. ఈ రోజుకి రెండోది. తొట్టి నిండా వేడినీళ్ళు, కిటికీలోంచి సముద్రం! ఇన్నాళ్ళూ నువ్వు నా దగ్గర ఇది దాచిపెట్టి చూరునీళ్ళ గురించి రాస్తావా?

లిఫ్టులో నిన్న పదకొండో అంతస్తు వాళ్ళావిడ కలిసింది. మీరు ఒకే బిల్డింగులో ఎన్నేళ్ళుగానో ఉంటున్నారట, నీ పేరు తెలీదట ఆవిడకి. సాయంత్రం ఆవిడా, ఇంకో ఇద్దరూ వచ్చారు, పూలబొమ్మల పేకాట ఆడాం. నేనే గెలిచాను. రేపు మళ్ళీ వస్తారు. నువ్వు తిరిగొచ్చేసరికి నీ మెట్లవరస అంతా నీకు చుట్టాలై ఉంటుంది.

నువ్వడిగినదానికి దాచకుండా చెబుతాను. అవును, మనసు గట్టి చేసుకున్నాను. ఎప్పటినుంచో ఉన్న కోరికే, ఇంట్లో పెద్దలు ఏమంటారోనని నోరు నొక్కుకున్నాను. సందులో అందరికీ తెలుసు. ధైర్యం చెప్పింది బాంగ్ గారే. "ఇంకెన్నాళ్ళు చలిలో వణుకుతారు?" అన్నాడు. ఈ వయసులో రాత్రిపూట కాస్త వెచ్చగా ఉండాలనుకోవడం నేరమా? నువ్వే చెప్పు. నువ్వు తప్పుపట్టనన్నావు చూడు, ఆ మాటకి నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

పొడుగాటి పిల్లాడికి చేప ముల్లు తీసి పెట్టు. బొగ్గుదిమ్మల కన్నాలు పైదీ కిందదీ సరిగ్గా కలవాలి, లేకపోతే అంటుకోదు.

వదిన


జొంజు, నీ ఇంట్లోంచి,
జనవరి 24

వదినా,

బొగ్గుదిమ్మల కన్నాలు కలవలేదు.

ముందు అది చెప్పేస్తే నాకు తేలిగ్గా ఉంటుంది. మొదటి వారం మూడుసార్లు పొయ్యి ఆరిపోయింది. పిల్లలు కోట్లు వేసుకుని అన్నం తిన్నారు. ఒకడు చేతి తొడుగులతో చెంచా పట్టుకున్నాడు. మొలకల పులుసులో ఏం తక్కువైందని అడిగితే, "అమ్మమ్మ తక్కువైంది" అన్నారు. నిన్ను అమ్మమ్మ అంటారట. నన్ను ఇంకా "బుసాన్ ఆవిడ" అంటున్నారు.

మరుగుదొడ్డికి మొదట్లో పాటలు పాడుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు ముందు ఒక గంట ఆలోచించి వెళ్తున్నాను. సోమవారం మంచు కరిగి, నేను చిన్నప్పుడు పడుకున్న చోటే, సరిగ్గా ముఖం మీద, నీటి చుక్క పడింది. కెప్టెన్ గారు నిచ్చెన వేసుకుని పైకెక్కి పెంకులు చూశారు. "ఇది ఓడైతే ఎప్పుడో మునిగేది" అన్నారు. ఆయన ముఖంలో మాత్రం రిటైరయ్యాక ఎప్పుడూ చూడని వెలుగు. రోజంతా పైనే ఉంటున్నారు. బాంగ్ గారు కింద నిలబడి తాడు అందిస్తూ, పడగొట్టాల్సిన ఇంటికి బాగుచెయ్యడమేంటని అరుస్తూ ఉంటాడు.

బాంగ్ గారి విషయం. నీ ఉత్తరం చదివాక ఇంటి ఆడపడుచుగా నా బాధ్యత ఒకటుంది అనుకున్నాను. ఆదివారం భోజనానికి పిలిచాను. చేప, మాంసం, అన్నీ చేశాను. పిల్లల్ని బయటికి పంపించాను. అడిగాను: "మా వదినని బాగా చూసుకుంటారా?"

ఆయన పులుసు గొంతులో అడ్డం పడింది. దగ్గి దగ్గి ఎర్రబడ్డాడు. "ఎవరు? నేనా?" అన్నాడు.

"సిగ్గుపడకండి. ఆవిడ నాకంతా రాసింది" అన్నాను.

"ఓక్సిమ్ గారు రాశారా? నా గురించా?" అన్నాడు. అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందని నేననుకోలేదు. గిన్నెలో అన్నమంతా పులుసులో కలిపేశాడు. చివరికి, "చూసుకుంటాను" అన్నాడు.

మర్నాడు కొత్త టోపీ పెట్టుకొచ్చాడు. మనిషి మంచివాడే. నాకు నచ్చాడు.

ఇక ఇంటి సంగతి. నేనింకా ఓడిపోలేదు. కానీ ఇంతకు ముందు రాసిన కొన్ని మాటలు వెనక్కి తీసుకుంటాను. బుగ్గ మాట తీసుకోను.

చునే


బుసాన్,
జనవరి 30

ఓసి చునే!

గోడ! గోడే! మనింటికీ వాళ్ళింటికీ మధ్యనున్న మట్టిగోడ! అది పొట్ట వచ్చినట్టు ఉబ్బి పిల్లల గది మీదికి ఒరుగుతోంది. పడకముందే తీసేద్దామని ఇద్దరం అనుకున్నాం. వెచ్చగా ఉండాలన్నది గొట్టాల్లో వేడినీళ్ళు తిరిగే నేల గురించి! నువ్వేం చదివావు, ఏం అర్థం చేసుకున్నావు!

ఉత్తరం పేకాట మధ్యలో వచ్చింది. పైకి చదివాను. పదకొండో అంతస్తావిడ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. ఇప్పుడు బిల్డింగంతా నన్ను "రైలాయన గారి భార్య" అంటోంది. కాపలాదారు కూడా!

నేనిక ఆ సందులో తలెలా ఎత్తుకు తిరగాలి? ఆయనకి వెంటనే చెప్పు. మెల్లిగా చెప్పు. కొత్త టోపీ కొన్నాడన్నావు, అది చదివి నాకు కోపం రావాల్సినంత రాలేదు.

ఇప్పుడు సభ గురించి. ఎనిమిదో తేదీకి నేను రావాలి. ఇక్కడ రోడ్లన్నీ గడ్డకట్టి బస్సులు ఆగిపోయాయి, ఎప్పుడు కదులుతాయో తెలీదంటున్నారు. అందుకని నువ్వే వెళ్ళు. నా ముద్ర బీరువాలో దుప్పట్ల కింద ఉంది. నీ ముద్రా నా ముద్రా రెండూ పట్టుకెళ్ళు. ఏ వైపు వెయ్యమని నేను చెప్పను. నువ్వు నా చలికాలం చూశావు. నేను ముప్పై ఏళ్ళు చెప్పినా తెలియనిది నీకు మూడు వారాల్లో తెలిసింది. నువ్వు ఎటు వేస్తే అదే నా మాట. తర్వాత ఒక్క మాట అననని ఒట్టు.

బాంగ్ గారికి చెప్పావా? చెప్పు.

వదిన


జొంజు,
ఫిబ్రవరి 9

వదినా,

చెప్పాను. ముందు అది చదివి ఊపిరి తీసుకో.

పెరట్లో ఇద్దరం నిలబడి ఉన్నప్పుడు చెప్పాను, గోడ అంటే ఈ గోడేనని. ఆయన గోడ పొట్ట మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత టోపీ తీసి, "అయితే ఇది కొట్టువాడికి తిరిగిచ్చెయ్యాలా?" అన్నాడు. "మీకు బాగుంది, ఉంచుకోండి" అన్నాను. "ఓక్సిమ్ గారు నవ్వారా?" అని అడిగాడు. నవ్విందన్నాను. "అయితే నష్టం లేదు" అని వెళ్ళి తాడు అందించడానికి నిలబడ్డాడు. అంతే జరిగింది.

నిన్న సభ. బడి హాలు నిండిపోయింది. టోఫు కొట్టు అత్తాకోడళ్ళు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. రాజధాని నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. తెల్లటి చేతులు, చక్కటి మాట. చూరు వంపు గురించి చెప్పాడు, వానచుక్కల చప్పుడు గురించి చెప్పాడు. ఈ ఇళ్ళు పోతే మన ఆత్మే పోతుందన్నాడు. వింటుంటే నాకు ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే వదినా, అవి నా మాటలు. నీకు నేను రాసిన ఉత్తరం ఎవరో పైకి చదువుతున్నట్టే ఉంది.

నా వంతు వచ్చింది. నేను రాసుకెళ్ళింది పక్కన పెట్టి అడిగాను: "అయ్యా, మీరెక్కడ ఉంటారు?"

"అపార్ట్‌మెంట్లో" అన్నాడు.

"ఎన్నో అంతస్తు?"

"పన్నెండు."

హాలంతా నవ్వింది. ఆయన పాపం ఎర్రబడ్డాడు. నేను నవ్వలేదు. "నాది తొమ్మిది" అన్నాను. "మీరూ నేనూ చెప్పింది నిజమే. ఈ ఇళ్ళు అందమైనవే. కానీ ఆ అందం ఖరీదు మా వదిన మోకాళ్ళతో కట్టించాం. ఇక్కడ ఒక్క నెల ఉన్నాను, నా పుట్టిల్లు నాకు మొదటిసారి తెలిసింది. ఎవరు ఈ కప్పు కింద పడుకుంటున్నారో వాళ్ళు చెప్పాలి, ఉంచాలో తీసెయ్యాలో. నేను చెప్పకూడదు. మీరూ చెప్పకూడదు" అన్నాను.

వెళ్ళి రెండు ముద్రలూ వేశాను, రూలు ఎత్తెయ్యమనే వైపు. నాది కొంచెం వంకరగా పడింది. నీది తిన్నగా పడింది.

మన వైపే ఎక్కువ పడ్డాయి. ఇంక ఇల్లు నీ ఇష్టం వదినా. మనస్ఫూర్తిగా అంటున్నాను. బస్సులు కదిలాయట, పండక్కి వచ్చెయ్యి. పిల్లలు చిక్కిపోయారు.

నీ చునే


బుసాన్,
మే 20

వదినా,

రూలు ఎత్తేశారని పేపర్లో కూడా చదివాను. బాంగ్ గారి ఇల్లు అప్పుడే నేలమట్టం అయిందని రాశావు. మన ఇంటికి ఏ రోజు పెట్టావో రాయవేం? ఆ రోజుకి వస్తాను. ఏడవడానికి కాదు. ఒక పెంకు తెచ్చుకుంటాను, నాకిక్కడ మొక్క కుండీ కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది.

నీ పేకాట జట్టు వారం వారం మా ఇంటికే వస్తోంది. నేను రోజూ ఓడిపోతున్నాను. "రైలాయన గారి భార్య ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?

కెప్టెన్ గారు నిచ్చెన కొనమంటున్నారు. తొమ్మిదో అంతస్తులో నిచ్చెనెందుకో ఆయన్నే అడగాలి.

చునే


జొంజు,
అక్టోబరు 11

చునేకి,

ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు తిట్టుకో. ఏం రాయాలో తెలీక రాయలేదు.

మేస్త్రీ నాలుగుసార్లు వచ్చాడు. మూడంతస్తుల మేడ బొమ్మ గీసిచ్చాడు. కింద వంటిల్లు, పైన పిల్లల గదులు, ప్రతి అంతస్తుకీ స్నానాలగది. అన్నీ నేను అడిగినవే. సరే అనడానికి నోరు తెరిచేదాన్ని. "వచ్చే వారం" అని బయటికొచ్చేది. మేస్త్రీ నన్ను పిచ్చిదాన్ని అనుకుని ఉంటాడు. ముట్టుకోవద్దన్నన్నాళ్ళూ రోజూ మనసులో ఒకసారి పడగొట్టేదాన్ని. పడగొట్టుకోమన్నాక దానివైపు చూడ్డానికి కూడా భయమేసింది.

బాంగ్ గారి మేడ మొన్న పూర్తయింది. చూడ్డానికి అందంగా ఏమీ లేదు, అగ్గిపెట్టెలా ఉంది. ఆయనకి మాత్రం గర్వం. వేడినీళ్ళు రోజుకెన్నిసార్లు తిప్పుకుంటున్నాడో సందంతటికీ వినిపించేలా చెబుతున్నాడు. ఇవాళ సాయంత్రం మిద్దె మీదికి రమ్మన్నాడు. ఈ మోకాళ్ళతో మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. పైన రెయిలింగు పట్టుకుని కిందికి చూశాను.

చునే, నేను పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఆ కప్పు కిందే ఉన్నాను. కిందనుంచి నాకు తెలియని చుక్క లేదు. పైనుంచి మాత్రం ఒక్కసారి కూడా చూళ్ళేదు. నల్లటి పెంకులు వరసలు వరసలుగా, ఎండ వాలి ప్రతి వరసకీ ఒక సన్నటి వెలుగు గీత. నాలుగు వైపులా చూరు చివరలు కొంచెంగా పైకి లేచి, పెరడుని చేతుల్లో పట్టుకున్నట్టు. కెప్టెన్ గారు అతికిన చోట్లు వేరే రంగులో తెలుస్తున్నాయి, అవి కూడా బాగున్నాయి. ఇది మాదేనా అని అడిగాను. బాంగ్ గారు కూడా రెయిలింగు మీదికి వంగి చూశాడు. "నాదీ ఇలాగే ఉండేదేమో, నేను చూసుకోలేదు" అన్నాడు. ఇంజను గొంతుతో కాదు.

మేస్త్రీని రేపు రమ్మన్నాను. స్నానాలగదీ మరుగుదొడ్డీ ఇంట్లోకి తెస్తాడు, నేలకింద వేడినీళ్ళ గొట్టాలు వేస్తాడు, కారేచోట ఏ రంగు పెంకు దొరికితే ఆ రంగు పెడతాడు. కప్పు ఉంటుంది. నువ్వు అడిగావని కాదు, ప్రొఫెసరు అడిగాడని అంతకంటే కాదు. నాకే ఉండాలనిపించింది. ఎవరూ వద్దనని రోజు వచ్చింది గనకనే అలా అనిపించిందేమో, నువ్వు వేసిన ముద్ర వల్లే.

ఈ ఉత్తరం మిద్దె మీదే కూచుని రాస్తున్నాను. కాగితం బాంగ్ గారిచ్చాడు, దీపం కూడా ఆయనే పట్టుకున్నాడు. కింద పెరట్లో పిల్లలు తలలు పైకెత్తి, "అమ్మమ్మా, ఆకలి!" అని అరుస్తున్నారు. కుండలో అన్నం ఉంది, పెట్టుకు తినండర్రా అని ఇక్కడినుంచే చెప్పాను. ఇంకాసేపు చూసి దిగుతాను.

వదిన
ఓక్సిమ్